పడవ అవతలి కొసన

పడవ ఉంటుందని నిన్న అన్నాడు పావియా.
లేదు.
బురదలో దాని పొట్ట ఈడ్చిన చార మాత్రం ఉంది.
ఎవరో ఎక్కి అవతలి కొసకి వెళ్ళిపోయారు.
వెనక్కి తెచ్చి పెట్టేదెవరు ఇక్కడ?
అమిత్సోర్సువాక్: సన్నగా, పొడుగ్గా ఉండేది.
పేరు పెట్టినవాడు ఒడ్డంట నడిచే ఉంటాడు.

పొద్దున ఏడు. సూర్యుడు ఎప్పుడో లేచాడు,
ఆగస్టులో ఇక్కడ వాడికీ నిద్ర సరిగ్గా పట్టదు.
మూపున పద్దెనిమిది కిలోలు.
ఆరు రోజుల తిండి, మంచుకి తడిసిన టెంటు.
గ్యాసు డబ్బా లేదు.
అది కాంగెర్లుసువాక్‌లో బల్లమీదే ఉండిపోయింది.
సర్దింది నేను, సరిచూడనిది అతను.
రాత్రి నుంచి మా మధ్య ఉన్నవి ఈ మాటలే,
అవీ అన్నవి కావు, మింగినవి.

రాయి, రాయి, నీళ్ళు తాగిన నాచు, మళ్ళీ రాయి.
నాచు బూటుని లోపలికి లాక్కుని
బాకీ సగమే తీరినట్టు
అయిష్టంగా వదుల్తుంది.
విల్లో చెట్లు చీలమండ దాటవు,
దోమలకి మాత్రం ఏ లోటూ లేదు.
రాళ్ళ గుట్టలమీద ఎర్రరంగు అర్ధచంద్రాలు,
ఒకదాని దగ్గర నిలబడితే ఇంకొకటి కనబడాలి, అదీ లెక్క.
మూడో గుట్టమీద ఎవరో రెయిన్‌డీర్ కొమ్ము నిలబెట్టి
దానికో చేతి తొడుగు తగిలించారు.
ఎడమచేతిది.
కుడిచేతిది ఎక్కడ నడుస్తోందో.

పదకొండింటికి నా మడమ గొణగడం మొదలెట్టింది.
పన్నెండుకి అరిచింది.
బూటు విప్పితే ఐదు క్రోన్ల నాణెమంత బొబ్బ.
పావియా చూశాడు. ఏమీ అనకుండా పొదల్లోకి నడిచి,
కస్తూరి ఎద్దులు ఒళ్ళు రుద్దుకుపోయిన చోట
కొమ్మలకి వేలాడే బొచ్చు గుప్పెడు ఏరుకొచ్చాడు.
పొగరంగు ఉన్ని, చేతిలో ఉన్నట్టే ఉండదు.
నా మేజోట్లో కూరి, లేసు తనే కట్టాడు
ముడి మీద ముడి, బడికెళ్ళే పిల్లకి కట్టినట్టు.
మా నాన్న కూడా ఇలాగే, అనబోయి
ఊరుకున్నాను.
ఊరుకోవడం నాకూ వచ్చు.

కాలికి బలపం కట్టుకు పుట్టావనేది మా అత్త నవారానా.
ఇవాళ్టికి బలపం అరిగిపోయింది, వట్టి దారమే మిగిలింది.

నాలుగింటికి తల ఖాళీ అయింది.
ముందు ఆసుపత్రి పోయింది, రాత్రి డ్యూటీల చిట్టా పోయింది,
తర్వాత ఇంటద్దె,
తర్వాత నేను ఎవరెవరి మీద విసుక్కున్నానో వాళ్ళ ముఖాలు.
ఎడమ, కుడి అన్న లెక్కొక్కటి మిగిలింది.
అదీ తప్పుతోంది.
నీళ్ళ అవతల రెయిన్‌డీర్ ఒకటి తలెత్తింది,
మేము నిన్నటి వార్తలమైనట్టు
మళ్ళీ మేతలో పడింది.

ఎనిమిదిన్నరకి గుడిసె.
పక్కనే పడవ,
బోర్లా పడుకుని, ఒళ్ళంతా పొడిగా,
మధ్యాహ్నమంతా కునుకు తీసినట్టు.
లోపల ఇనుంగువాక్ అనే కుర్రాడు,
మోచేతుల దాకా నెత్తురు, మాంసం కోస్తున్నాడు.
పొయ్యిమీద కుండ కుతకుతలాడుతోంది.
"పడవ నేనే తెచ్చా," అన్నాడు, కత్తి ఆపకుండా.
"రేపు పొద్దున్నే ఇదంతా వేసుకుని వెనక్కి పోతా.
మీరు ఒక్కరోజు ఆగుంటే..."

ఒక్కరోజు.
పావియా నావంక చూశాడు, నేను అతనివంక.
ముందెవరు నవ్వారో చెప్పలేను.
నవ్వుతుంటే పిక్కలు కూడా నొప్పెట్టాయి.
కుర్రాడు మమ్మల్ని వెర్రివాళ్ళనుకుని
చెరో గిన్నెడు పులుసు పోశాడు,
పైన బంగారు చుక్కల్లా కొవ్వు.
ప్రాణం లేచొచ్చింది.

బూటు విప్పాక చూస్తే ఉన్ని ఉన్నిలా లేదు.
నా మడమ అచ్చున గట్టిపడ్డ చిన్న దొప్ప.
పావియా దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి
అటూ ఇటూ తిప్పాడు.
"రేపటికి ఇంకాస్త ఏరాలి," అన్నాడు.
గ్యాసు సంగతి ఎత్తలేదు.

కుడి మడమ సంగతి
నేనూ ఎత్తలేదు.